అక్క నంబరు

ఆ బ్యూటీ షాపులో బిల్లు వేసేముందు ఫోన్ నంబరు అడుగుతారు. నేను మా అక్క నంబరు చెబుతాను. కౌంటరులోని కళ్ళజోడు అమ్మాయి దాన్ని నొక్కి, తెర మీద కనపడిన పేరు చదివి, చివర గారు తగిలించి, బాగున్నారా అని అడుగుతుంది. వచ్చినవాళ్ళని పేరుతో పలకరించాలని వాళ్ళ కంపెనీ నియమమట. బాగున్నానని తలూపుతాను. మా అక్క పోయి పదకొండు నెలలైంది.

నా తప్పేమిటో ముందే చెప్పేస్తాను. దాచి దాచి నాకే విసుగొచ్చింది. అక్క ఫోను నా దగ్గరుంది. ఆసుపత్రిలో ఎక్కడో పోయిందని అందరికీ చెప్పింది నేనే. దాని కోసం బావ వారం రోజులు ఆసుపత్రి చుట్టూ తిరిగాడు, కనపడ్డ వాళ్ళందరితో తగువు పెట్టుకున్నాడు. అక్క కూతుర్ని మేం పిచ్చుక అని పిలుస్తాం, పదిహేడేళ్ళ పిల్ల. అమ్మ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి పిన్నీ అని అది నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. నేను దాని జుట్టు నిమురుతూ కూర్చున్నాను. ఫోను అప్పుడు నా చేతిసంచిలోనే ఉంది. సంచి నా కాలికి ఆనుకుని ఉంది. ఇంత గుండె నాకెక్కడిదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఎందుకు దాచానో తెలియాలంటే ముందు కార్డు గొడవ తెలియాలి. ఆ షాపులో ఏది కొన్నా పాయింట్లు పడతాయి. బాగా కొనేవాళ్ళకి గోల్డ్ మెంబరని పేరు పెట్టి అన్నిటి మీదా ధర తగ్గిస్తారు, పుట్టినరోజుకి ఏదో ఒక చిన్న డబ్బా చేతిలో పెడతారు. నా ఒక్కదాని కొనుగోళ్ళకి ఆ గోల్డ్ ఏ జన్మకీ రాదు. అక్కకీ రాదు. ఇద్దరం ఒకే నంబరు చెబితే ఏడాది తిరక్కుండా వస్తుందని కనిపెట్టింది అక్క. తను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునేది. కాటుక, చేతులకి క్రీము, ఒక సెంటు, ఇవి లేకుండా గుమ్మం దాటేది కాదు. నాది బట్టలు సరిచేసే పని. షాపింగ్ కాంప్లెక్సు కింది అంతస్తులో, లిఫ్టు పక్కన, ఒక మిషనూ ఒక ఇస్త్రీ బల్లా పట్టేంత కొట్టు. ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను, పెళ్ళికి కుట్టించుకున్న కోట్లని పెళ్ళయ్యాక పెరిగిన పొట్టలకి సరిపెడతాను. నా నోటి దురుసు చూసి చిన్నప్పుడే అక్క నాకు సూది అని పేరు పెట్టింది. తర్వాత పని కూడా అదే అయింది కనక నేనేమీ అనుకోలేదు.

మా ఒప్పందం చాలా తేలిక. చేరిన పాయింట్లు ఒకసారి తను వాడుకోవాలి, ఇంకోసారి నేను. నా వంతు వచ్చింది. జుట్టు ఆరబెట్టుకునే మిషను ఒకటి నెల రోజులుగా కన్నేసి ఉంచాను. తీరా కౌంటరు దాకా తీసుకెళ్తే పాయింట్లేమీ లేవు మేడం, శనివారం వాడేశారు కదా అంది ఆ అమ్మాయి. అక్క నాతో మాట మాత్రం చెప్పకుండా అన్నీ ఊడ్చి తనకో పెద్ద సెంటు సీసా కొనుక్కుంది. నా వెనక జనం నిలబడి ఉన్నారు. ఆ మిషనుని మళ్ళీ అరలో పెట్టేసి వచ్చాను. తల కొట్టేసినట్టయింది.

ఆ షాపు తలుపు దగ్గరే నిలబడి అక్కకి మెసేజ్ కొట్టాను. 'నీకెప్పుడూ నీ సంగతే. చిన్నప్పటి నుంచీ అంతే. ఇక నాకు ఫోన్ చెయ్యకు. నీ మొహం నాకు చూపించకు.' తను చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. రాకపోతే పీడా పోయిందనుకున్నాను. మూడో రోజు పొద్దున అక్క ఎవరికో ఎన్నింటికి రావాలో చెబుతూ చెబుతూ బల్ల మీదికి వాలిపోయిందట. తలలో నరం చిట్లింది. నేను వెళ్ళేసరికి గొట్టాల మధ్య పడుకుని ఉంది. రెండు రోజులు ఉంది, కళ్ళు తెరవలేదు. నర్సు అక్క వస్తువులన్నీ ఒక కవరులో వేసి నా చేతికిచ్చింది. కవరులో ఫోను కనపడగానే నాకు గుర్తొచ్చింది నా మెసేజ్ ఒక్కటే. బావ చూస్తాడు, పిచ్చుక చూస్తుంది, అమ్మతో నువ్వు చివరగా అన్న మాట ఇదా అంటుంది. అంతే, తీసి సంచిలో వేసుకున్నాను.

అక్క ఆ సెంటు నా కోసం కొని ఉంటే కథ బాగుండేది. నా కోసం కాదు, తన కోసమే కొనుక్కుంది. నా కోపంలో న్యాయం ఉంది. ఆ న్యాయాన్ని ఏం చేసుకోను?

రెండు నెలలు ఆ ఫోను ఆపేసే ఉంచాను. తర్వాత ఉండబట్టలేక చార్జింగు పెట్టాను. తెరవడానికి గీయాల్సిన గీత నాకు తెలుసు, నా ఫోనుకీ అదే. నా మెసేజ్ అక్కడే ఉంది. దాని కింద, టైపు చేసే గళ్ళో, పంపకుండా ఆగిపోయిన ఒక్క మాట ఉంది. 'సూదీ'. అంతే. తర్వాత ఏం రాయబోయిందో, ఎందుకు ఆగిందో, తిట్టబోయిందో, నవ్వబోయిందో తెలియదు. ఆ మాటని చెరపడానికి చేతులు రాలేదు, పంపడానికి ధైర్యం లేదు. అది అలాగే ఉంది.

అప్పుడే షాపు నుంచి మెసేజ్ వచ్చింది. మీ కాటుక ఈపాటికి అయిపోయి ఉంటుంది, గోల్డ్ మెంబరుగా మీకోసం ప్రత్యేక ధర అని. ఎవరెప్పుడు ఏం కొన్నారో, అది ఎన్నాళ్ళకి అయిపోతుందో వాళ్ళ కంప్యూటరు లెక్క కడుతుందట. అక్క కాటుక సగం కూడా అవలేదు, అద్దం ముందు అలాగే ఉంది. ఆ సంగతి దానికెవరు చెబుతారు? నేను వెళ్ళి ఒక కాటుక కొన్నాను, అక్క నంబరు చెప్పాను. మూడు వారాలకి చేతి క్రీము అయిపోయి ఉంటుందంది. అదీ కొన్నాను. కొన్నన్నాళ్ళు అది ఊరుకుంటుంది, ఆపితే మీరు కనపడక చాలా రోజులైంది, మీ కోసం ఎదురు చూస్తున్నాం అంటుంది. ఏమైతేనేం, నా మిషను సొరుగులో దారపు కండెల పక్కన ఐదు కాటుకలూ మూడు క్రీములూ పోగయ్యాయి, ఒక్కదానికీ మూత తీయలేదు. చవగ్గా వస్తున్నాయి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. కౌంటరులో ఆ అర నిమిషం అక్క బతికి ఉండేది, అందుకే వెళ్ళేదాన్ని.

ఇలా ఉండగా ఒక శనివారం, సాయంత్రం నాలుగు దాటింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో కోటు చేతులు బిగిస్తున్నాను. సొరుగులో అక్క ఫోను గుర్రుమంది. ఈరోజు మీరు కొన్న సెంటుకి ధన్యవాదాలు, మళ్ళీ రండి. నేను కొట్టు వదిలి కదల్లేదు. మెసేజ్‌లో ఉన్న సెంటు పేరు కూడా అప్పుడు అక్క పాయింట్లతో కొనుక్కున్నదే, కాకపోతే చిన్న సీసా. నోట్లోని సూది ఒకటి నాలుకకి గుచ్చుకుంది. ఆ కోటాయన ఏమైందమ్మా, అలా పాలిపోయారేంటని నీళ్ళు తెచ్చిచ్చాడు.

సోమవారం షాపుకి పరిగెత్తాను. శనివారం ఎవరు వచ్చారని అడగబోయేలోపు ఆ కళ్ళజోడు అమ్మాయే అడిగింది, మొన్న మీరే వచ్చారు కదా మేడం, మాస్కు పెట్టుకుని ఉంటే సరిగ్గా గుర్తుపట్టలేదు అని. గొంతు మీదేనంది. నంబరు తడుముకోకుండా చెప్పారంది, పేరు పిలవగానే కళ్ళు మూసుకుని నవ్వారంది. పళ్ళ డాక్టరు దగ్గర రోజంతా మాస్కులోనే ఉండే మా అక్క గుర్తొచ్చింది. అవును నేనేనని చెప్పి బయటపడ్డాను.

తర్వాతి శనివారం కాటుక. ఆ తర్వాతి శనివారం చేతి క్రీము. అదే వేళకి, అవే వస్తువులు. పగటిపూట కూడా కొట్టులో ఒక్కదాన్నే కూర్చోలేకపోయాను. అద్దం మీద పాత దుప్పటి కప్పేశాను. లిఫ్టు తలుపు తెరుచుకుంటే చాలు తల ఎత్తి చూసేదాన్ని. చూడాలని ఉందో, చూడకూడదని ఉందో నాకే అర్థమయ్యేది కాదు. మొహం చూపించకు అన్నాను కదా. నా మాట మీద కోపంతో నాకు కనపడకుండా అందరికీ కనపడుతోందా అనుకున్నాను. ఇలాంటివి ఎవరైనా చెబితే పగలబడి నవ్వే మనిషిని నేను.

ఆ వారమే బావ ప్యాంట్లు పొట్టి చేయమని తెచ్చాడు. మనిషి కాస్త తేరుకున్నాడు, గడ్డం చేసుకున్నాడు. కొలత తీసుకోవడానికి వంగితే అతని చొక్కా గుప్పున అక్క సెంటు వాసన కొట్టింది. మరుక్షణం ఒళ్ళు మండింది. ఇదా సంగతి! దయ్యమూ లేదు, భూతమూ లేదు. ఏడాది తిరక్కుండానే ఈయన ఎవరినో తెచ్చుకున్నాడు. పైగా అక్క నంబరు చెప్పి కొనుక్కోమని ఆ మహాతల్లికి నేర్పాడు, తగ్గింపు వస్తుందని! అక్క వాడిన సెంటే పూయిస్తున్నాడు! బావని ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. కోపం తలకెక్కితే నాకు ఎదుటి మనిషితో పని ఉండదు, తీర్పు నేనే చెప్పేస్తాను. ప్యాంట్లు ఎప్పటికివ్వాలో అడిగి, నవ్వి పంపించాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నం మానేసి షాపుకి వెళ్ళాను. నా కార్డు మూసేయమన్నాను. కళ్ళజోడు అమ్మాయి బతిమాలింది, గోల్డ్ పోతుంది మేడం, ఇన్నేళ్ళది అంది. ఆ నంబరు ఫోనుకి కోడ్ వస్తుంది, అది చెబితేనే మూసేయగలనంది. ఫోను నా చేతిలోనే ఉంది. కోడ్ చదివాను. ఎందుకు మానేస్తున్నారో ఒకటి ఎంచుకోవాలంటే వేరే షాపు, ధరలు, ఇతరం అని వరసగా ఉన్నాయి. ఇతరం అన్నాను. నెల లోపల మనసు మారితే మళ్ళీ ఇదే ఫోనుకి కోడ్ తెప్పించి తెరవచ్చు, మీ పేరు అలాగే వస్తుంది అంది. అవసరం రాదన్నాను. ఆ అమ్మాయి చివరిసారిగా అక్క పేరు పలికి, మళ్ళీ రండి అంది. మంచి పని చేశాననే అనుకుంటూ బయటికొచ్చాను.

శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురు చూశాను. ఆ మహాతల్లి కౌంటరులో భంగపడుతుంటే కళ్ళారా చూడాలి. మూడున్నరకే కొట్టు మూసి వెళ్ళి షాంపూల అర వెనక నిలబడ్డాను. చేతిలో ఏదో సీసా పట్టుకుని వెనక రాసింది చదువుతున్నట్టు నటించాను. అదే సీసా అరగంట చదివాను.

నాలుగూ పదికి వచ్చింది. మాస్కు, అక్కలాగే వేసిన జుట్టు ముడి, అక్కలాగే ఎడమ భుజం కాస్త వంచి నడక. నెయిల్ పాలిష్ ఒకటి తీసుకుని, సెంట్ల దగ్గర ఆగి, వాసన చూడడానికి పెట్టిన సీసా మణికట్టు మీద ఒక్కసారి కొట్టుకుని కౌంటరుకి వెళ్ళింది. వదులు చొక్కా వేసుకుంది, మోచేతుల దాకా మడిచిన బావ పాత చొక్కా. దాని భుజాల కుట్టు నేను వేసిందే. అది పిచ్చుక.

పుట్టి బుద్ధెరిగాక కాటుక ముట్టని పిల్ల అది. ఆ విషయం మీదే తల్లీ కూతుళ్ళకి రోజూ తగువు. నంబరు అడిగితే గడగడా చెప్పింది.

"ఈ నంబరు మీద ఎవరూ లేరమ్మా," అంది కళ్ళజోడు అమ్మాయి.

పిచ్చుక మళ్ళీ చెప్పింది, ఒక్కో అంకె విడదీసి. ఆ అమ్మాయి మళ్ళీ నొక్కింది, లేదంది. తగ్గింపు ఏమీ వద్దు, ఆ పేరు ఒక్కసారి చూసి చెప్పండి చాలు అంది పిచ్చుక. పోయిన శనివారం కూడా చెప్పారు కదా, అది మా అమ్మ నంబరు అంది. గొంతు చూస్తే ఏడుపుకి అడుగు దూరంలో ఉంది. కళ్ళజోడు అమ్మాయి పాపం మంచిది, తెరలో వెతికి చూసి చెప్పింది.

"ఇది మొన్న మూసేశారమ్మా. మీ అమ్మగారే స్వయంగా వచ్చారు. ఆవిడ ఫోనుకి కోడ్ వస్తే చదివి చెప్పారు."

పిచ్చుక మాస్కు కిందికి లాగింది. దాని మొహం నాకు పక్కనుంచి కనపడుతోంది.

"మా అమ్మ వచ్చిందా?" అంది.

ఆ అడగడంలో భయం లేదు. అదే నన్ను చంపేసింది. స్కూల్లో సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆలస్యంగా వచ్చిన తల్లిని చూసిన పిల్లలా అడిగింది. నా వెనక తలుపు నాలుగు అడుగుల్లో ఉంది. అటు జారుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు, ఫోను సంగతి, మెసేజ్ సంగతి, ఏదీ. జారుకోవాలనే అనుకున్నాను, అబద్ధమెందుకు. కాని నేను వెళ్ళిపోతే, తల్లి వచ్చి తన పేరు తనే తుడిచేసుకుని, కూతురికి కనపడకుండా వెళ్ళిపోయిందని అది జీవితాంతం నమ్ముతుంది. షాంపూ సీసా అరలో పెట్టి ఇవతలికి వచ్చాను.

కళ్ళజోడు అమ్మాయి నన్ను చూసి తేలిగ్గా ఊపిరి తీసుకుంది. "అదిగో, మీ అమ్మగారే వచ్చారు," అంది.

పిచ్చుక గిరుక్కున తిరిగింది. నన్ను చూసేముందు దాని మొహంలో వెలిగిన ఆ ఒక్క క్షణం ఉంది చూశారూ, అది నా కళ్ళ ముందు నుంచి ఇంకా పోలేదు. నేనని తెలిశాక ఆ మొహం నెమ్మదిగా ఆరిపోయింది.

సంచిలోంచి అక్క ఫోను తీసి కౌంటరు మీద పెట్టాను. మూలన కాస్త పగిలిన అద్దం, వెనక పిచ్చుకే చిన్నప్పుడు అంటించిన చుక్కల స్టిక్కరు. అది ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది. మళ్ళీ తెరవమని కళ్ళజోడు అమ్మాయికి చెప్పాను. కోడ్ వచ్చింది. అక్క పెట్టుకున్న గంట, చిన్నగా రెండుసార్లు మోగింది. ఆ చప్పుడుకి పిచ్చుక కౌంటరు అంచు పట్టుకుంది. కోడ్ నేను చదవలేదు, అదే చదివింది. తెర మీద పేరు వచ్చింది. ఆ అమ్మాయి నియమం ప్రకారం అక్క పేరు పలికి, గారు తగిలించి, స్వాగతం అంది.

మేమిద్దరం ఒకేసారి "ఆఁ" అన్నాం.

బయట మెట్ల మీద కూర్చున్నాం. ఎందుకొస్తున్నావే ఇక్కడికి అని అడిగాను. ఇంట్లో ఎవరూ అమ్మ పేరు అనరు పిన్నీ అంది. నాన్న మీ అమ్మ అంటాడు, నువ్వు అక్క అంటావు, ఇంటికొచ్చిన వాళ్ళందరూ ఆవిడ, పాపం అంటారు, పేరు పెట్టి పిలిచేది ఈ షాపులో మాత్రమే అంది. సెంటు నాన్న చొక్కాల బీరువాలో కొడుతోందట. ఆయనకి ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు, కాని ఆ వాసన మొదలైనప్పటి నుంచే గడ్డం చేసుకుంటున్నాడట. నేను నిలువునా నీరైపోయాను.

తర్వాత అది చెయ్యి చాపింది. ఫోను ఇచ్చాను. గీత ఎలా గియ్యాలో చెప్పాను. ముందు ఫోటోలు చూస్తుందనుకున్నాను. ముందు నా మెసేజే తెరిచింది. చాలాసేపు చూసింది.

"దీని కోసమా?" అంది.

"దీని కోసమే," అన్నాను.

తిట్టి ఉంటే బాగుండేది. లేచి, ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, ఆ జేబు మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయింది. ఎడమ భుజం కాస్త వంచి. వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాత పదకొండు రోజులు అటునుంచి ఏ కబురూ లేదు. బావ ప్యాంట్లు తీసుకెళ్ళడానికి రాలేదు, అవి మడతపెట్టి అరలో ఉన్నాయి. పిచ్చుక చెప్పేసి ఉంటుంది, చెప్పాలి కూడా. అద్దం మీది దుప్పటి తీసేశాను. సొరుగులోని కాటుకలు అలాగే ఉన్నాయి.

నిన్న మధ్యాహ్నం మిషను మీద ఉండగా నా ఫోను మోగింది. అక్క నంబరు నుంచి మెసేజ్. ఒకే మాట.

'సూదీ'.

పిచ్చుకే పంపిందని తెలుసు. తిట్టడానికి పంపిందో, జాలిపడి పంపిందో తెలియదు. పొరపాటున వేలు తగిలిందేమో కూడా. అవన్నీ తర్వాత అనుకున్నాను. ఆ మాట అక్కది. నన్ను ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఒక్కతే, తను చివరగా పిలిచిన పిలుపు ఇన్నాళ్ళకి నాకు చేరింది. మిషను ఆపాను. కొలతలివ్వడానికి వచ్చిన పెద్దావిడ నా మొహం చూసి ఎవరమ్మా ఫోను అంది.

అక్క అని చెప్పబోయి ఆగాను. పదకొండు నెలల తర్వాత మొదటిసారి, అక్క పేరు చెప్పాను.